తెలుగు పదవినోదం - ప్రహేళిక నుంచి గళ్లనుడికట్టు వరకు: అక్షరం, శ్లేష, ఔచిత్యం

వ్యాససంగ్రహం

పత్రికల్లో నిత్యం కనిపించే గళ్లనుడికట్టు, పొడుపుకథ, చిన్న హాస్యోక్తి, వింతవిషయం వంటివి కాలక్షేప రచనలుగా పేరుపడ్డాయి. సాహిత్య విమర్శ వీటిని దాదాపుగా పట్టించుకోలేదు. ప్రాచీన అలంకారికులు మాత్రం ప్రహేళికను నిర్వచించారు, వర్గీకరించారు, దాని మంచిచెడ్డలను చర్చించారు. ఆ చర్చను ఆధునిక పదవినోదానికి అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు గళ్లనుడికట్టుకు మూల ప్రమాణం అక్షరమని, దాని జీవశక్తి శ్లేష అని, ఆ రెండింటినీ నిర్లక్ష్యం చేసిన కూర్పు పర్యాయపదాల పట్టికగా మిగులుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందులోని ఆధారాలు విశ్లేషణ కోసం కూర్చినవి.

కీలకపదాలు: ప్రహేళిక, గళ్లనుడికట్టు, పొడుపుకథ, అవధానం, అక్షరం, సభంగశ్లేష, విలోమం, ఔచిత్యం.

1. ఉపోద్ఘాతం

దినపత్రిక చేతికి రాగానే వార్తలకంటె ముందు గళ్లనుడికట్టు ఉన్న పేజీని తెరిచే పాఠకులు తెలుగునాట ఎప్పుడూ ఉన్నారు. పెన్సిలు, రబ్బరు పక్కన పెట్టుకొని, అడ్డం ఆధారాలు పూర్తిచేసి, నిలువు ఆధారాల దగ్గర ఆగి, ఇంట్లోవాళ్లను అడిగి, చివరికి నిఘంటువు తీయడం ఒక పఠనవిధానం. సాధారణంగా పాఠకుడు అర్థం వైపు వేగంగా సాగిపోతాడు. ఇక్కడ పదం దగ్గర నిలబడి, దాన్ని విడదీసి, తిరగేసి, అక్షరాలు లెక్కపెట్టి చూస్తాడు. భాషను ఇంత దగ్గరగా చూసే సందర్భం నిత్యజీవితంలో తక్కువ.

ఇంతటి భాషావ్యాపారం జరిగే ప్రక్రియను విమర్శ పక్కన పెట్టడానికి రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, ఇది వినోదం కాబట్టి సాహిత్యం కాదనే భావన. రెండవది, మరుసటి రోజు సమాధానం అచ్చయ్యాక దీని ఆయువు తీరిపోతుందనే అభిప్రాయం. ఈ రెండు కారణాలూ పరీక్షకు నిలుస్తాయా అనేదే ఇక్కడి ప్రశ్న.

2. అలంకారశాస్త్రంలో ప్రహేళిక స్థానం

వాత్స్యాయనుడు కామసూత్రాల్లో పేర్కొన్న అరవైనాలుగు కళల్లో ప్రహేళిక ఒకటి. కావ్యసమస్యాపూరణం, అక్షరముష్టికాకథనం కూడా ఆ జాబితాలోనివే. అంటే పదక్రీడ నాగరికుడికి ఉండవలసిన విద్యగా పరిగణన పొందింది. అలంకారికుల దృష్టి మాత్రం ఏకరూపంగా లేదు. భామహుడు ప్రహేళికను ఆదరించలేదు. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో, రసానికి అడ్డు తగులుతుంది కాబట్టి ప్రహేళిక అలంకారం కాదన్నాడు. ధ్వనివాదులు చిత్రకావ్యాన్ని చివరి మెట్టున నిలిపారు.

దండి వైఖరి వీరికి భిన్నం. కావ్యాదర్శం మూడవ పరిచ్ఛేదంలో అతడు పదహారు విధాల ప్రహేళికలను చెప్పాడు. గోష్ఠుల్లో వినోదానికి, జనసమూహం నడుమ తెలిసినవారితో రహస్యంగా మాట్లాడుకోవడానికి, ఎదుటివారిని తికమకపెట్టడానికి ఇవి ఉపయోగపడతాయన్నాడు. ప్రహేళికకు రసప్రయోజనాన్ని అంటగట్టకుండా దాని ప్రయోజనాన్ని దానికే చెప్పడం ఇందులో గమనించదగిన అంశం. దండి మరో ముఖ్యమైన మాట కూడా అన్నాడు. పూర్వాచార్యులు పదునాలుగు దుష్టప్రహేళికలను కూడా చెప్పారని, దోషాలకు లెక్కలేదు కాబట్టి తాను సాధువులైనవాటినే వివరిస్తానని తెలిపాడు. అంటే ప్రహేళికలో మంచిది, చెడ్డది అనే విభజన ఉంది. ఆ విభజన చేయడం విమర్శకుడి పని అనే అవగాహనా ఉంది. తరువాతి విమర్శ 'ఇది కావ్యమా, కాదా' అనే ప్రశ్న దగ్గరే ఆగిపోయి, 'ఇది మంచి ప్రహేళికయేనా' అనే ప్రశ్నను వదిలేసింది.

3. తెలుగులో పదక్రీడా సంప్రదాయం

తెలుగులో పదక్రీడ రెండు పాయలుగా ప్రవహించింది. మొదటిది మౌఖికమైన పొడుపుకథ. పొడుపు, విడుపు అనే జంటపదాలే దాని నిర్మాణాన్ని చెబుతాయి. కోడిగుడ్డును తలుపులేని ఇల్లుగా భావించడంలో ఉన్నది పదచమత్కారం కాదు, రూపకం. అందుకే పొడుపుకథ మరో భాషలోకి వెళ్లినా చాలావరకు బతుకుతుంది. దాన్ని వస్తునిష్ఠ ప్రహేళిక అనవచ్చు.

రెండవది పండితసంప్రదాయంలోని శబ్దనిష్ఠ క్రీడ. పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథగాను, భారతకథగాను నడుస్తుంది. మరింగంటి సింగరాచార్యులు దశరథరాజనందన చరిత్రను ఓష్ఠ్యాక్షరాలు లేకుండా రచించాడు. గణపవరపు వేంకటకవి ప్రబంధరాజ వేంకటేశ్వర విజయవిలాసంలో చిత్రకవిత్వాన్ని విస్తృతంగా ప్రదర్శించాడు. వీటిలో పాఠకుడు ఆస్వాదించేది కథను మాత్రమే కాదు. నియమాన్ని, ఆ నియమం పెట్టిన ఇబ్బందిని కవి దాటిన తీరును కూడా.

ఈ రెండు పాయలూ సభలో కలిసే చోటు అవధానం. తిరుపతి వేంకటకవులు ఊరూరా ప్రచారంలోకి తెచ్చిన ఈ ప్రక్రియలో నిషిద్ధాక్షరి, న్యస్తాక్షరి, దత్తపది, సమస్యాపూరణం నాలుగూ పదక్రీడలే. న్యస్తాక్షరిలో ఫలానా పాదంలో ఫలానా స్థానాన ఫలానా అక్షరం ఉండాలని పృచ్ఛకుడు కోరతాడు. గళ్లనుడికట్టులో ఒక గడిలో ముందే పడిన అక్షరానికి కట్టుబడి రెండవ పదాన్ని కూర్చవలసి రావడం కూడా ఇలాంటి నిర్బంధమే. న్యస్తాక్షరిలో నిర్బంధం కవి మీద పడుతుంది. నుడికట్టులో కూర్చేవాడి మీద, పూరించేవాడి మీద కూడా పడుతుంది.

4. గళ్లనుడికట్టు: దిగుమతి రూపం, దేశీయ ప్రమాణం

ఆర్థర్ విన్ కూర్చిన తొలి ఆధునిక క్రాస్‌వర్డ్ 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వెలువడింది. ఆ రూపం తెలుగులోకి వచ్చి పదబంధ ప్రహేళికగా, గళ్లనుడికట్టుగా స్థిరపడింది. ఆరుద్ర, శ్రీశ్రీ వంటి ఆధునిక కవులు కూడా వీటిని కూర్చారు. ఛందస్సు తెలిసిన కవులకు, అక్షరాలను తూచి వాడే అలవాటు ఉన్నవారికి ఈ ప్రక్రియ నచ్చడం సహజం.

రూపం దిగుమతి అయినా ప్రమాణం మారింది. ఇంగ్లీషు గడిలో పడేది ఒక లిపిసంకేతం. తెలుగు గడిలో పడేది అక్షరం, అంటే అచ్చుతో కూడిన ఉచ్చారణ ప్రమాణం. 'స్త్రీ' అనే మాటలో మూడు హల్లులు, ఒక అచ్చు ఉన్నా అది ఒకే గడిలో ఇముడుతుంది. ఈ తేడా వల్ల విలోమక్రీడ స్వభావమే మారిపోతుంది. 'వికటకవి' ఎటునుంచి చదివినా ఒకటే. దాన్ని రోమన్ లిపిలో రాసి వెనకనుంచి చదివితే ఆ గుణం పోతుంది. ఇందుకు భిన్నంగా 'మలయాళం' అనే పేరు ఇంగ్లీషు వర్ణక్రమంలో ఎటు చదివినా ఒకటే. తెలుగులో రాస్తే కాదు. నవీన, నటన, కునుకు, పులుపు, జలజ, కంటకం, నందనం వంటి మాటలు తెలుగు పాఠకుడికి మాత్రమే కనిపించే అద్దాలు.

ఈ అక్షరప్రమాణమే కూర్పులో పెద్ద ఇబ్బంది కూడా. ఇంగ్లీషు కూర్పరికి ఖండన స్థానంలో ఇరవయ్యారు అక్షరాలలో ఒకటి కుదిరితే చాలు. ముప్పై అయిదు హల్లులను పన్నెండు గుణింత రూపాలతో లెక్కించినా తెలుగులో 420 అక్షరాలవుతాయి. సంయుక్తాక్షరాలు దానికి అదనం. రెండు పదాలు ఒకే అక్షరం దగ్గర కలవడం తెలుగులో అందుకే కష్టం. మరో చిక్కు, తెలుగు అజంత భాష కావడమే కాక, నామవాచకాలు ఎక్కువగా డు, ము, వు, లు అనే అక్షరాలతోనో బిందువుతోనో ముగుస్తాయి. 'డు' మొదట వచ్చే పదాలు అరుదు. కాబట్టి పదాంతం మరో పదానికి ఆరంభమయ్యే అవకాశం తగ్గుతుంది. తెలుగు నుడికట్లలో నల్లగళ్లు ఎక్కువగా ఉండటానికి, 'తిరగబడింది', 'చివర లోపించింది' వంటి సడలింపులు తరచుగా కనిపించడానికి మూలం ఇక్కడుంది. దీన్ని కూర్పరుల బద్ధకంగా మాత్రమే చూడటం న్యాయం కాదు. అయితే ఆ సడలింపును కళగా మార్చినవారు, సాకుగా వాడుకున్నవారు వేరువేరు.

5. ఆధార నిర్మాణం: మంచి ఆధారం, దుష్ట ఆధారం

ఆధారాలను మూడు తరగతులుగా చూడవచ్చు. మొదటిది పర్యాయాధారం. 'సూర్యుడు (2)' అని అడిగితే రవి కావచ్చు, భాను కావచ్చు, హేళి కావచ్చు. ఖండనాక్షరాలు తక్కువగా ఉన్న గడిలో వీటిలో ఏది సరైనదో తేల్చే సాధనం పాఠకుడికి లేదు. రెండవది సమాచారాధారం. 'కవిత్రయంలో రెండవవాడు (3)' అంటే తిక్కన. ఇక్కడ సమాధానం ఒకటే; అయితే తెలిసినవాడు రాస్తాడు, తెలియనివాడు ఆగిపోతాడు. ఆలోచనకు చోటు లేదు. మూడవది చమత్కారాధారం. ఇందులో తెలియనివాడికి కూడా దారి ఉంటుంది.

'తల తిప్పితే కనిపించే తీగ (2)' అనే ఆధారం చూడవచ్చు. పైకి చూస్తే ఎవరో పక్కకు తిరిగి పందిరి మీది తీగను చూసిన దృశ్యం. లోపల 'తల' అనే పదాన్నే తిప్పమనే ఆదేశం. సమాధానం లత. ఇందులో ఒక్క మాట కూడా వృథా కాలేదు. 'కవనంలో దాగిన అడవి (2)' అన్నప్పుడు సప్తమీ విభక్తిప్రత్యయమే దారి చూపుతుంది, సమాధానం వనం. 'కమలం తల తెగితే మురికే (2)' అన్నప్పుడు మొదటి అక్షరం పోయి మలం మిగులుతుంది. బురదలో పుట్టిన పువ్వు మళ్లీ బురదను గుర్తుచేయడం ఇందులోని అదనపు వెలుగు. 'పలక తిరగేస్తే దూలానికి పనికొస్తుంది (3)' అంటే కలప. చెక్కచట్రం ఉన్న పాత పలకను ఎరిగినవారికి ఆ రెండు వస్తువుల చుట్టరికం కూడా స్ఫురిస్తుంది.

వీటి పక్కన 'తిరగబడ్డ నగరం (3)' అనే ఆధారాన్ని నిలిపి చూడాలి. సమాధానం 'రంగన'. అది పదం కాదు. గడిని నింపడానికి వెనక్కి తిప్పిన అక్షరాల వరస. 'తల-లత' జంటలో రెండు వైపులా పదాలున్నాయి. 'నగరం-రంగన' జంటలో ఒకవైపు శూన్యం. 'కలగాపులగమైన సమయం (3)' అనే ఆధారం ఇంకా బలహీనం. మూడు అక్షరాలను అసలు వరస కాక మరో అయిదు విధాలుగా పేర్చవచ్చు. నాలుగు అక్షరాలయితే 23 విధాలు. వాటిలో కూర్పరి మనసులో ఉన్నదేదో ఖండనాక్షరాలు లేకుండా తేల్చలేము. అదే 'వలన కలవరపడితే ఒక కథాప్రక్రియ (3)' అంటే నవల అనే సార్థక పదం దగ్గర ఆలోచన ఆగుతుంది. అక్షరవ్యత్యయం రెండు ఆధారాల్లోనూ ఉంది. రెండవదానిలో మాత్రమే అది న్యాయంగా ఉంది.

6. సభంగశ్లేష: వ్యాకరణం విడదీయని చోట విడదీయడం

తెలుగు పదవినోదానికి అత్యంత సహజమైన సాధనం పదవిభాగం. 'స్వప్నానికి దేవుడిచ్చిన కానుక తోడైతే గాభరా (4)' అనే ఆధారానికి సమాధానం కలవరం. కల, వరం అనే రెండు మంగళకరమైన మాటలు కలిసి ఆందోళనగా మారడమే ఇక్కడి వింత. వ్యుత్పత్తితో దీనికి సంబంధం లేదు. 'స్వామీ, సర్వనాశనం! అన్నా గుడే (4)' అనే ఆధారం మరో అడుగు ముందుకు వేస్తుంది. వ్యాకరణం ప్రకారం దేవాలయం అంటే దేవ, ఆలయం అనే రెండు పదాల సవర్ణదీర్ఘసంధి. గడి ప్రకారం అది 'దేవా', 'లయం'. విద్యార్థి తరగతిలో నేర్చుకున్న సంధివిభాగాన్ని ఒక్కక్షణం మరిచిపోతేగాని సమాధానం దొరకదు. సమాధానం దొరికాక ఆ సంధి మరింత స్పష్టంగా గుర్తుంటుంది. దండి చెప్పిన ప్రహేళికల్లో సమాగత అనేది పదాల కలయికలో అర్థాన్ని దాచేది. ఆధునిక ఆధారం ఆ జాతికి చెందినదే.

అవధానంలో సమస్యాపూరణం కూడా తరచుగా ఇదే మార్గాన సాగుతుంది. అసంబద్ధంగా కనిపించే పాదానికి ముందు ఒక అక్షరమో పదమో చేర్చి, విరుపు మార్చి, అవధాని దాన్ని సుబద్ధం చేస్తాడు. అప్రస్తుతప్రసంగంలోని హాస్యానికీ మూలం అదే. పృచ్ఛకుడు 'అవధానిగారికి తలనొప్పి వచ్చిందా' అని అడిగినట్టు, అవధాని 'తలన్, ఒప్పి అని విడదీస్తే, సభవారు తలన్ ఒప్పి ఆలకిస్తున్నారు కాబట్టి తలనొప్పి నాకు కాదు, వారికి వచ్చింది' అన్నట్టు ఊహించవచ్చు. ద్రుతసంధి తెలిసినవాడు ముందుగా నవ్వుతాడు. తెలియనివాడు పక్కవాణ్ణి అడిగి నవ్వుతాడు. ఆ రెండో నవ్వులో ఒక వ్యాకరణపాఠం ఉంది. పదప్రహేళిక, హాస్యోక్తి ఒకే పేజీలో పక్కపక్కన అచ్చుకావడం యాదృచ్ఛికం కాదు. రెండూ పాఠకుణ్ణి ఒక అర్థం వైపు నడిపించి, చివరిక్షణంలో మరో అర్థం దగ్గర దింపుతాయి.

7. భాషాప్రమాణం, ప్రాంతీయత, ఔచిత్యం

గడుల సంఖ్య చిన్న విషయంగా కనిపించినా అది ఒక భాషానిర్ణయం. 'పుస్తకము' అంటే నాలుగు గళ్లు, 'పుస్తకం' అంటే మూడు. ఒకే నుడికట్టులో ఒకచోట ముకారాంతం, మరోచోట బిందువు వాడితే పాఠకుడికి నియమమే లేకుండా పోతుంది. ఒకే కాయకు ఒక ప్రాంతంలో ఆనపకాయ అని, మరో ప్రాంతంలో సొరకాయ అని పేరు. మొదటిదానికి అయిదు గళ్లు, రెండవదానికి నాలుగు. ఆధారం చివర కుండలీకరణంలో ఉన్న అంకె ఏ ప్రాంతపు మాటను ప్రమాణంగా తీసుకున్నారో చెప్పకనే చెబుతుంది. ఎప్పుడూ ఒకే ప్రాంతపు మాటకు గళ్లు కేటాయిస్తే మిగిలిన ప్రాంతాల పాఠకుడు తన భాష తప్పేమో అనుకునే ప్రమాదం ఉంది. ఇందుకు భిన్నంగా, వేర్వేరు ప్రాంతాల మాటలను తగిన సూచనతో కలిపి కూర్చిన నుడికట్టు ఏ నిఘంటువూ చేయలేనంత చనువుగా పదసంపదను పంచుతుంది.

హాస్యోక్తుల విషయంలోనూ ఔచిత్యప్రశ్న ఉంది. శ్లేషపై నిలిచిన హాస్యం భాషను ఆటపట్టిస్తుంది. భార్యను, అంగవైకల్యం ఉన్నవారిని, యాసను హేళన చేసే హాస్యం మనిషిని ఆటపట్టిస్తుంది. రెండవదానికి పదచమత్కారం అక్కర్లేదు, పాతబడిన దురభిప్రాయం చాలు. క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణమన్నాడు. దాన్ని నాలుగు పంక్తుల హాస్యోక్తికి అన్వయించడం అతి కాదు. రోజూ చదివేది ఆ నాలుగు పంక్తులే.

8. పూర్వపక్షం, సమాధానం

పదవినోదాన్ని ఇంతగా పట్టించుకోవడం దాని స్థాయిని అకారణంగా పెంచడమే అని ఆక్షేపించవచ్చు. విశ్వనాథుడి అభ్యంతరంలో సత్యం ఉంది. లత అనే సమాధానం దొరికిన ఆనందం రసానుభూతి కాదు. చిత్రకవిత్వంలో చాలా భాగం నియమాన్ని గెలిచి పాఠకుణ్ణి ఓడించింది. నుడికట్టును కావ్యమనడం కావ్యానికీ న్యాయం కాదు, నుడికట్టుకూ కాదు. మరుసటి రోజుకే ఆయువు తీరుతుందనే మాట కూడా ఒక సమాధానానికి వర్తిస్తుందే తప్ప ఆ సమాధానాన్ని రాబట్టిన పద్ధతికి వర్తించదు. పదాన్ని విడదీసి చూసే అలవాటు ఒకసారి పడితే తరువాతి నుడికట్టులోనే కాదు, పద్యం చదివేటప్పుడు కూడా పనిచేస్తుంది.

అందుకే దీనికి దీని ప్రమాణాలే కావాలి. పై విశ్లేషణ నుంచి అయిదు ప్రమాణాలను ప్రతిపాదించవచ్చు. సమాధానం ఒకటే కావాలి. ఆధారంలోని ప్రతి మాటకు పని ఉండాలి. పైకి కనిపించే వాక్యం స్వతంత్రంగా అర్థవంతం కావాలి. గడిలో పడేది సాధుశబ్దం కావాలి. చమత్కారం మనిషిని కించపరచకూడదు. ఈ అయిదింటిలో మొదటి నాలుగు లోపిస్తే ఆట చెడుతుంది. అయిదవది లోపిస్తే ఆడేవారి మధ్య మర్యాద చెడుతుంది.

9. ముగింపు

యంత్రాల ద్వారా పదక్రీడలను రూపొందించే కాలంలో అక్షరప్రమాణం అనే అంశం మరింత ముఖ్యమవుతున్నది. యూనికోడ్‌లో 'స్త్రీ' అనే ఒక్క అక్షరం ఆరు సంకేతాల వరస. ఆ వరసను సంకేతాలుగా లెక్కించే యంత్రం దాన్ని ఆరుగా చూస్తుంది. బడిలో గుణింతం నేర్చిన పిల్లవాడు ఒకటిగా చూస్తాడు. పిల్లవాడి లెక్కను యంత్రానికి నేర్పకపోతే 'వికటకవి' కూడా తిరగేసినప్పుడు వికటించకమానదు. పర్యాయపదాలను నిఘంటువునుంచి ఏరి గళ్లలో పేర్చడం యంత్రం చేయగల పని. 'తల తిప్పితే తీగ' అనిపించడానికి మాత్రం ఆ రెండు మాటలతో కలిసి బతికినవారు కావాలి.

తెలుగు శాఖల్లో అలంకారశాస్త్రం బోధించేటప్పుడు సభంగశ్లేషకు ప్రబంధపద్యంతోపాటు ఒక నుడికట్టు ఆధారాన్ని కూడా ఉదాహరణగా ఇవ్వవచ్చు. పత్రికల్లో వెలువడిన నుడికట్లను సేకరించి, కూర్పరుల శైలిభేదాలను, పదజాలంలో దశాబ్దాల మార్పులను, ప్రాంతీయ పదాల నిష్పత్తిని పరిశీలించడం పరిశోధకులకు విస్తారమైన క్షేత్రం. మరుసటి రోజు సమాధానం రాగానే పాత కాగితాల్లోకి చేరే ఆ గళ్లలో ఒక భాష తన అక్షరాలను ఎలా లెక్కపెట్టుకుందో, ఏ మాటలను అందరికీ తెలిసినవిగా భావించిందో నమోదై ఉంది. దండి వివరించకుండా వదిలిన దుష్టప్రహేళికల చర్చను కొనసాగించడానికి అదే తగిన చోటు.